ఒకే స్పీకరుకు మూడు లెక్కలు: పెట్టె ఎంత ఉండాలి?

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. జమాఖర్చుల లెక్కలు చూడటం ఆయన వృత్తి. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ జీవితమంతా గడిపిన మేనమామ, తాను పదేళ్లుగా వాడకుండా దాచుకున్న 8 అంగుళాల వూఫర్ల జతను ఈయన చేతిలో పెట్టి, మంచి పెట్టెలు కట్టుకోమన్నారు. వాటితో వచ్చిన కాగితం పోకుండా ఉండటం అదృష్టం. అనునాద పౌనఃపున్యం 35 హెర్ట్జ్, మొత్తం క్యూ (స్పీకరు ఊపు ఎంత ఆలస్యంగా అణగుతుందో చెప్పే అంకె) 0.40, విద్యుత్ క్యూ (అయస్కాంతం, తీగచుట్ట వల్ల వచ్చే అదుపును మాత్రమే లెక్కించేది) 0.45, వీఏఎస్ 50 లీటర్లు అని దాని మీద ఉంది. ఈ అంకెలను మూడు కాలిక్యులేటర్లలో వేస్తే మూడు జవాబులు వచ్చాయి: 9.5 లీటర్లు, 23.5 లీటర్లు, 54 లీటర్లు. మావయ్య మూడింటినీ కొట్టిపారేసి, "90 లీటర్లకు తగ్గితే అది పెట్టె కాదురా, పౌడరు డబ్బా" అన్నారు. ఇంట్లో ఈ పాఠకుడి భార్య మాట ఇంకొకటి. హాలులో ఉన్న గూడు 42 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 36 లోతు. అందులో పట్టనిది ఆ గదిలోకి రావడానికి వీల్లేదు.

చివరికి మధ్య అంకెను పట్టుకుని, 18 మిల్లీమీటర్ల ఫలకతో 36, 27, 24 సెంటీమీటర్ల కొలతల్లో ఒక మూసిన పెట్టె కట్టారు. వార్తలు చదివే మగగొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వచ్చింది. పాత రికార్డు పెడితే బేస్ ఒకే స్వరం మీద మూలిగింది. మావయ్య వచ్చి రెండు నిమిషాలు విని, "చెప్పానా?" అని లేచి వెళ్లిపోయారు. మూడు వారాలుగా ఇద్దరి మధ్యా స్పీకర్ల ఊసే లేదు. రెండో పెట్టెకు తెచ్చిన ఫలక కోయకుండా గోడకు ఆనించి ఉంది. మూడు లెక్కల్లో ఏది నిజం, మావయ్య మాట వినాలా, ఇంట్లో మాట వినాలా, కట్టిన పెట్టెను పగలగొట్టాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీకు వచ్చిన మూడు అంకెల్లో తప్పు ఏదీ లేదండీ. మూడు కాలిక్యులేటర్లనూ మీరు ఒకటే ప్రశ్న అడిగాననుకున్నారు, కానీ వాటిని తయారుచేసినవారు మీ తరఫున మూడు వేర్వేరు కోరికలను ముందే అందులో పెట్టేశారు. పెట్టె చిన్నదిగా ఉంటే చాలు, ధ్వనిలో కాస్త ఉబ్బు ఉన్నా, అంటే కొన్ని స్వరాలు మిగతావాటికన్నా పెద్దగా వినిపించినా, ఫరవాలేదనుకున్నది 9.5 చెప్పింది. మూసిన పెట్టెలో స్పందన చదునుగా, అంటే ఏ స్వరమూ ఉబ్బకుండా, ఉండాలనుకున్నది 23.5 చెప్పింది. పెట్టెలోని గాలి బయటికి ఊగేలా గొట్టం పెట్టి బేస్‌ను ఇంకా కిందికి దింపాలనుకున్నది 54 చెప్పింది. పెట్టె కొలత స్పీకరు కాగితం మీద ఎక్కడా ఉండదు. ఏది వదులుకోవడానికి మీరు సిద్ధమో చెబితే ఆ తరువాత లెక్క దానంతట అదే తేలుతుంది. లెక్కలు చూసే వృత్తిలో ఉన్నారు కనుక ఈ లెక్క లోపల ఏముందో ఒకసారి చూపిస్తాను. ఆ తరువాత ఏ కాలిక్యులేటరూ మిమ్మల్ని బెదిరించలేదు.

స్పీకరు కోన్‌ను, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగాన్ని, స్ప్రింగుకు తగిలించిన బరువుగా ఊహించుకోండి. చుట్టూ ఉన్న అంచు, వెనుక ఉన్న ముడతల గుడ్డ కలిసి స్ప్రింగు పని చేస్తాయి. ఆ బరువు, ఆ స్ప్రింగు కలిసి సహజంగా సెకనుకు 35 సార్లు ఊగుతాయి కాబట్టి కాగితం మీద 35 హెర్ట్జ్ ఉంది. కోన్ వెనుక గాలిని మూసి బంధిస్తే ఆ గాలి కూడా స్ప్రింగే. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కినప్పుడు చేతికి తగిలే బిగువు అదే. ఎన్ని లీటర్ల గాలిని బంధిస్తే దాని బిగువు కోన్ సొంత బిగువుకు సరిగ్గా సమానమవుతుందో ఆ అంకెనే వీఏఎస్ అంటారు. మీ స్పీకరుకు అది 50 లీటర్లు. అంతకన్నా చిన్న పెట్టెలో గాలి స్ప్రింగు బలమైనది, పెద్ద పెట్టెలో బలహీనమైనది.

ఇక లెక్క. వీఏఎస్‌ను పెట్టె ఘనపరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయండి. వచ్చిన గుణకంతో 35 హెర్ట్జ్‌ను గుణిస్తే పెట్టెలో పెట్టాక స్పీకరు అనునాదం ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది, 0.40ని గుణిస్తే పెట్టెలోని క్యూ తెలుస్తుంది. 23.5 లీటర్లకు చేసి చూడండి: 50ని 23.5తో భాగిస్తే 2.13, ఒకటి కలిపితే 3.13, వర్గమూలం 1.77. అనునాదం 62 హెర్ట్జ్, క్యూ 0.71. మూసిన పెట్టెలో ఉబ్బు లేకుండా చదునైన స్పందన వీలైనంత కిందిదాకా నిలిచేది క్యూ 0.707 దగ్గర కాబట్టి ఆ కాలిక్యులేటరు అక్కడ ఆగింది. 9.5 లీటర్లకు ఇదే లెక్క చేస్తే అనునాదం 88 హెర్ట్జ్‌కు, క్యూ 1.0కి ఎక్కుతాయి, స్పందనలో 1.25 డెసిబెల్‌ల ఉబ్బు వస్తుంది. చిన్న స్పీకర్ల తయారీదారులు ఈ ఉబ్బును ఇష్టపడి పెడతారు, ఎందుకంటే కొద్దిసేపు వినేవాడికి అది బేస్ ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది.

మీ మావయ్య 90 లీటర్లను కూడా ఇదే లెక్కలో పెట్టి చూద్దాం, ఎందుకంటే ఈ వివాదంలో అసలు ఆసక్తికరమైన విషయం అక్కడుంది. అనునాదం 44 హెర్ట్జ్, క్యూ 0.50. ధ్వని 3 డెసిబెల్‌లు తగ్గే చోటును బేస్ హద్దుగా తీసుకోవడం వాడుక. ఆ హద్దు 90 లీటర్లలో 68 హెర్ట్జ్ దగ్గర, 23.5 లీటర్లలో 62 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 9.5 లీటర్లలో మళ్లీ 69 హెర్ట్జ్. అంటే ఈ కొలబద్ద ప్రకారం మావయ్య మహాపెట్టె, ఆయన పౌడరు డబ్బా అన్న ఆ చిన్న పెట్టె దాదాపు సమానం, మధ్యలో ఉన్నదే రెండింటికన్నా లోతు! ఇది చూపించి ఆయన్ని ఓడించవచ్చునని మీకు అనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. ఇంకా కిందికి, 30 హెర్ట్జ్ దగ్గరికి వెళ్లి చూస్తే, 9.5 లీటర్ల పెట్టెలో ధ్వని 18 డెసిబెల్‌లు, 23.5 లీటర్లలో 13, 90 లీటర్లలో 10 డెసిబెల్‌లు పడిపోయి ఉంటుంది. అట్టడుగున మావయ్య పెట్టే గెలుస్తుంది. ఆయన చెవి అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ గెలుపు 3 డెసిబెల్‌లు, దానికి చెల్లించేది 65 లీటర్లకు పైగా అదనపు చోటు. మీ హాలులో అంత విలువైన బేరమా అన్నది వేరే ప్రశ్న.

ఆయన సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిస్తే మీకు ఆయన మీద కోపం తగ్గుతుంది. వాల్వు ఆంప్లిఫయర్లు కొద్ది వాట్లే ఇచ్చే కాలంలో స్పీకర్ల అంచులు బిగుసుగా ఉండేవి, సొంత అనునాదం ఎక్కువగా ఉండేది. దానికి తోడు చిన్న పెట్టెలో గాలి బిగువు కూడా చేరితే బేస్ మిగిలేది కాదు. కాబట్టి పెద్ద పెట్టె కట్టడం అప్పట్లో చాదస్తం కాదు, అవసరం. 1954లో ఎడ్గార్ విల్చర్ అమెరికాలో దీన్ని తలకిందులు చేశాడు. కోన్ అంచును బాగా వదులు చేసి, ప్రధాన స్ప్రింగుగా పెట్టెలోని గాలినే వాడుకుంటే చిన్న పెట్టెలోనూ లోతైన బేస్ వస్తుందని ఏఆర్-1 అనే స్పీకరుతో చూపించాడు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో గొట్టం ఉన్న పెట్టెల గణితాన్ని పద్ధతిగా రాశాడు, 1972, 1973 సంవత్సరాల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఈ ఇద్దరి పేర్లతోనే మీ కాగితం మీది అంకెలను థీల్-స్మాల్ విలువలు అంటారు. అంతకుముందు నేర్చుకున్నవారికి చెవీ, అనుభవమే కొలబద్దలు. మావయ్య ఆ బడిలో చదువుకున్నారు.

ఇప్పుడు మీరు కట్టిన పెట్టె సంగతి. 36, 27, 24 గుణిస్తే 23,328 ఘన సెంటీమీటర్లు, అంటే 23.3 లీటర్లు. మీరు ఇక్కడ సంతృప్తిపడి ఉంటారు. కానీ అవి బయటి కొలతలు. ప్రతి వైపునా 18 మిల్లీమీటర్లు రెండుసార్లు పోతే లోపల మిగిలేది 32.4, 23.4, 20.4 సెంటీమీటర్లు, అంటే 15.5 లీటర్లు. అందులో స్పీకరు అయస్కాంతం, చట్రం ఒక లీటరుకు పైగా ఆక్రమిస్తాయి. లోపల అడ్డంగా బిగించానని రాసిన కర్రలు, క్రాసోవర్ బల్ల (లోతైన స్వరాలనూ పై స్వరాలనూ విడదీసే విద్యుత్ వలయం) కలిపి ఇంకాస్త. నికరంగా 13.5 లీటర్లు మిగిలి ఉంటాయని నా అంచనా. మొత్తం రాబడిని లాభమనుకుంటే మీ వృత్తిలో ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే దీనికి సిగ్గుపడకండి. నేను కట్టిన మొదటి జతకు కూడా ఇదే చేశాను. పైగా నేను గొట్టం ఆక్రమించే చోటును కూడా మరిచిపోయాను.

కానీ మీ బాధకు కారణం ఇదేనని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. 13.5 లీటర్లకు లెక్క వేస్తే అనునాదం 76 హెర్ట్జ్, క్యూ 0.87. దీనివల్ల వచ్చే ఉబ్బు అర డెసిబెల్ మాత్రమే. క్రాసోవర్‌లోని తీగచుట్టకు ఉండే నిరోధం క్యూను ఇంకొంచెం పెంచి ఉండవచ్చు, అయినా ఒక డెసిబెల్ దాటదు. ఒక డెసిబెల్ ఉబ్బుతో మనిషి గొంతు కుండలోకి వెళ్లదు. మీ ఉత్తరంలో మూడో పేజీలో మీరు దారిన పోతూ అన్నట్టుగా రాసిన రెండు మాటలు నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించాయి. పెట్టె లోపల ఏమీ నింపలేదని ఒకటి, చోటు లేక దాన్ని నేల మీద మూలకు పెట్టి విన్నారని రెండోది.

ఖాళీ పెట్టెలో ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుని నిలువ తరంగాలు కడుతుంది. గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, ధ్వని వేగమైన సెకనుకు 344 మీటర్లను దానితో భాగిస్తే ఆ పౌనఃపున్యం వస్తుంది. మీ లోపలి కొలతలకు అవి సుమారు 530, 735, 840 హెర్ట్జ్. మూడూ మాటలోని అచ్చులు పలికే మేరలోనే ఉన్నాయి. పలుచని కోన్ గుండా ఆ ధ్వని కాస్త ఆలస్యంగా బయటికి వస్తుంది, మన చెవికి అది డబ్బా మాటగా తెలుస్తుంది. ఇక మూల సంగతి. నేల, రెండు గోడలు కలిసే చోట ఒక్కొక్క తలం లోతైన ధ్వనికి 6 డెసిబెల్‌ల వరకు చేర్చగలదు. దానికి గది సొంత అనునాదం తోడైతే బేస్ అంతా ఒకే స్వరం మీద మూలుగుతుంది. ఇందులో పెట్టె పాపం చాలా కొద్ది.

అందువల్ల పగలగొట్టే ఆలోచన మానండి. మీ ముందున్న మొదటి దారి ఉన్న పెట్టెనే సరిచేయడం. వెనుక గోడకూ పక్క గోడలకూ పాలియెస్టర్ దూదిని మందంగా అంటించి, మిగిలిన చోటును అదే దూదితో వదులుగా నింపండి, అయస్కాంతం వెనుక మాత్రం కొంచెం ఖాళీ ఉంచండి. దూది నిలువ తరంగాలను మింగడంతో పాటు ఇంకో పని చేస్తుంది: గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని తీసుకుని స్ప్రింగును మెత్తబరుస్తుంది, దానివల్ల పెట్టె ఉన్నదానికన్నా పెద్దదిగా ప్రవర్తిస్తుంది. సిద్ధాంతపరంగా ఆ లాభం 40 శాతం దాకా ఉండవచ్చునంటారు గాని చేతికి వచ్చేది 10 నుంచి 20 శాతమే. మీ 13.5 లీటర్లు సుమారు 16 అవుతాయి, క్యూ 0.81కి దిగుతుంది. దీనితో పాటు అతుకుల్లో గాలి కారుతోందేమో చూడండి. 30 హెర్ట్జ్ ధ్వనిని సన్నగా పెట్టి, తడిపిన వేలిని అతుకుల వెంట, స్పీకరు చట్రం చుట్టూ, వెనుక తీగలు బిగించే చోట నెమ్మదిగా నడిపితే, గాలి కారే చోట వేలికి చల్లగా తగులుతుంది. ఆ తరువాత పెట్టెను మూల నుంచి కనీసం ఒక చేతి దూరం జరిపి వినండి. ఇంత చేశాక గొంతు బాగుపడి, బేస్ ఇంకాస్త ఉంటే బాగుండుననిపిస్తే అప్పుడు కొత్త పెట్టె గురించి ఆలోచించవచ్చు. బేస్ కూడా చాలనిపిస్తే రెండో పెట్టెను ఇదే కొలతతో కట్టి, ఖర్చూ శ్రమా మిగుల్చుకోవచ్చు.

రెండో దారి 23.5 లీటర్లను ఈసారి నికరంగా కట్టడం. ఇది మీ గూటిలో పడుతుంది, ఇంట్లో ఒప్పందానికి భంగం రాదు. బయటి కొలతలు 40 సెంటీమీటర్ల ఎత్తు, 28 వెడల్పు, 32 లోతు తీసుకుంటే లోపల 25.2 లీటర్లు, స్పీకరుకూ కర్రలకూ 2 లీటర్లు తీసేస్తే 23.2. ఈ కొద్ది తేడా వినిపించదు. నిజానికి 10 శాతం అటూ ఇటూ అయినా మూసిన పెట్టె పట్టించుకోదు, క్యూలో మార్పు రెండో దశాంశ స్థానంలోనే ఉంటుంది. వెనుక తీగలకు 4 సెంటీమీటర్లు మిగులుతాయి. దీని పర్యవసానం కూడా తెలుసుకోండి. బేస్ గిటారులో అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఈ పెట్టె ఆ స్వరాన్ని పలుకుతుంది గాని 8 డెసిబెల్‌ల దాకా తగ్గించి పలుకుతుంది. గది కొంత తిరిగి ఇస్తుంది. మూసిన పెట్టెలో ధ్వని అష్టకానికి (పౌనఃపున్యం సగమయ్యే ప్రతి మెట్టుకు) 12 డెసిబెల్‌ల చొప్పున మెల్లగా దిగుతుంది కాబట్టి గది ఇచ్చే సాయం దానితో బాగా అతుకుతుంది. గూటిలో పెట్టినందువల్ల దిగువ మధ్యమ స్వరాలు కొంచెం బరువెక్కుతాయి, అందుకే స్పీకరు ముఖాన్ని గూటి అంచుతో సమంగా బయటికి లాగి, చుట్టూ మిగిలిన సందులో మెత్తని గుడ్డ కూరమని చెబుతాను.

మూడో దారి గొట్టం ఉన్న 54 లీటర్ల పెట్టె. మీ స్పీకరు దానికి తగినదేనా అని చూడటానికి ఒక మోటు పరీక్ష ఉంది: అనునాద పౌనఃపున్యాన్ని విద్యుత్ క్యూతో భాగించాలి. 50 దగ్గర వస్తే మూసిన పెట్టెకు, 100 దగ్గర వస్తే గొట్టం పెట్టెకు మొగ్గు అంటారు. మీకు 78 వచ్చింది, అంటే స్పీకరు రెండింటికీ సరే అంటోంది. 54 లీటర్ల పెట్టెను గొట్టం కొలతతో 33.5 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే బేస్ హద్దు ఏకంగా 33 హెర్ట్జ్‌కు దిగుతుంది. మూసిన పెట్టె 62 దగ్గర ఆగిందని గుర్తుంచుకుంటే ఇది మామూలు లాభం కాదు, దాదాపు ఒక అష్టకం. మావయ్య కోరుకుంటున్న లోతు నిజంగా దొరికేది ఇక్కడే, 90 లీటర్ల మూసిన పెట్టెలో కాదు.

గొట్టం కొలతలో మాత్రం జాగ్రత్త. లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లైతే పొడవు 6 సెంటీమీటర్లు చాలు, 7.5 అయితే 16.4 కావాలి, 10 అయితే 31.6 కావాలి. ఒకే శ్రుతికి ఇన్ని పొడవులా అని ఆశ్చర్యపోకండి. గొట్టంలో ఉన్న గాలి ముద్దే బరువుగా, పెట్టెలోని గాలి స్ప్రింగుగా పనిచేస్తాయి. నోరు వెడల్పైన కొద్దీ గాలి తేలికగా కదులుతుంది కనుక దాన్ని అదుపులో పెట్టడానికి పొడవు పెంచాలి. పొట్టిగా ఉంది కదా అని 5 సెంటీమీటర్ల గొట్టం వాడితే, 8 అంగుళాల కోన్ నెట్టే గాలి అందులో ఈల వేస్తుంది. 7.5 తక్కువలో తక్కువ. పొడవును ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువగానే కోసుకుని, విని, తగ్గించుకుంటూ రండి. కోసిన ముక్కను తిరిగి అతికించడం కన్నా ఇది సుఖం.

దీనికి చెల్లించేది కూడా ఎక్కువే. బయటి కొలతలు 60, 32, 40 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, గూటి మాట మరిచిపోయి నేల మీద నిలబెట్టాలి. శ్రుతి కింద ధ్వని అష్టకానికి 24 డెసిబెల్‌ల చొప్పున నిటారుగా పడిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, శ్రుతి కింద గొట్టం తెరిచిన కిటికీలా మారిపోయి, కోన్‌కు వెనుక గాలి స్ప్రింగు అనేదే లేకుండా పోతుంది. మీరు పాత రికార్డులు ఎక్కువగా వింటానని రాశారు. వంకరపోయిన రికార్డు మీద సూది ఊగినప్పుడు మనకు వినిపించని 5, 10 హెర్ట్జ్‌ల కదలిక ఆంప్లిఫయరులోకి వెళుతుంది, కోన్ పాటతో సంబంధం లేకుండా లోపలికీ బయటికీ ఈదుతూ ఉంటుంది. మూసిన పెట్టెలో గాలి దాన్ని పట్టి ఆపుతుంది. గొట్టం పెట్టెలో ఆపేది ఏదీ ఉండదు కాబట్టి ఆంప్లిఫయరు ముందు 20, 25 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టరు పెట్టక తప్పదు. ఈ ఒక్క కారణానికే మీ స్థానంలో నేనుంటే రెండో దారి వైపు మొగ్గుతాను. మీరు రికార్డులు వినే మనిషి కాకపోతే నా మొగ్గు వేరుగా ఉండేది.

చిన్న పెట్టె పెట్టుకుని ఈక్వలైజరుతో (కావలసిన స్వరాలను పెంచే, తగ్గించే పరికరం) బేస్ ఎక్కించకూడదా అని కూడా అడిగారు. ఎక్కించవచ్చు, కానీ 10 డెసిబెల్‌లు ఎక్కించాలంటే ఆంప్లిఫయరు ఆ స్వరాల దగ్గర పది రెట్ల శక్తి ఇవ్వాలి. పైగా అదే బిగ్గరతనంతో పౌనఃపున్యాన్ని సగానికి దింపాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. మీ 30 వాట్ల ఆంప్లిఫయరుకు అది మోయలేని భారం. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ శక్తితో ఎక్కువ బిగ్గరతనం, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయని చెప్పే నియమాన్ని ఈ రంగంలో హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. అదే ఇక్కడ అడ్డం పడుతోంది.

ఇదంతా కాగితం మీది అంకెలు నిజమనుకుని చేసిన లెక్క. పదేళ్లు కదలకుండా పడి ఉన్న స్పీకరు అంచు కొంచెం బిగుసుకుని ఉండవచ్చు. ఉదాహరణకు అనునాదం 35 బదులు 42 హెర్ట్జ్ అయిందనుకోండి. బిగువు 1.44 రెట్లయింది కాబట్టి వీఏఎస్ 35 లీటర్లకు పడిపోతుంది, మొత్తం క్యూ 0.48కి ఎక్కుతుంది. అంకెలన్నీ తారుమారైనట్టు కనిపిస్తాయి గాని మీ 13.5 లీటర్ల మూసిన పెట్టెలో అనునాదం 76 నుంచి 79కి, క్యూ 0.87 నుంచి 0.91కి మాత్రమే జరుగుతాయి, ఎందుకంటే అక్కడ పెత్తనం గాలిది, అంచుది కాదు. గొట్టం పెట్టెకు ఈ ఓర్పు లేదు. మూడో దారి పట్టేటట్టైతే మాత్రం స్పీకరును కొలవకుండా ఫలక కోయవద్దు.

కొలవడానికి కావలసిన పరికరం మీరు ఇప్పటికే కట్టి పెట్టుకున్నారు. ఘనపరిమాణం తెలిసిన మూసిన పెట్టె కన్నా మంచి కొలపాత్ర వీఏఎస్‌కు లేదు. దూది నింపకముందే ఈ పని చేయండి, క్రాసోవర్ తీగలు విప్పేయండి. ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ మధ్య 1,000 ఓమ్‌ల రెసిస్టరును వరుసలో పెట్టి, ఫోను నుంచి శుద్ధమైన ఒకే స్వరాన్ని పంపుతూ, 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి వెళ్లండి. స్పీకరు రెండు కొసల మధ్య మల్టీమీటరులో ఏసీ వోల్టేజీ ఎక్కడ శిఖరానికి చేరి తిరిగి దిగుతుందో అదే అనునాదం. ముందు స్పీకరును బల్లకు దూరంగా, గాలిలో నిలువుగా పట్టుకుని కొలవండి, తరువాత పెట్టెలో బిగించి కొలవండి. రెండో అంకెను మొదటి దానితో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేసి, 13.5తో గుణిస్తే వీఏఎస్ దాదాపుగా వచ్చేస్తుంది. 35, 76 వస్తే 50 లీటర్లు, అంటే కాగితం నిజం.

స్పీకరును కదలకుండా పట్టుకోవడానికి ఒకరు, మీటరు చూడటానికి ఒకరు కావాలి. జీవితమంతా మీటరు ముల్లు చూస్తూ గడిపిన మనిషి మీ కుటుంబంలోనే ఉన్నారు. "మావయ్యా, నీ స్పీకర్ల అంచు బిగుసుకుందేమోనని అనుమానంగా ఉంది, ఒకసారి వచ్చి కొలిచి పెడతావా?" అని అడగండి. 90 లీటర్ల ప్రస్తావన తేవద్దు. శిఖరం ఎక్కడుందో ఆయన కళ్లతో ఆయనే చూసి, రెండు పెట్టెల లెక్క ఆయన చేతే వేయిస్తే, గొట్టం పెట్టె కావాలని ఆయనే అనవచ్చు, అప్పుడు నేల మీద చోటు గురించి మీ భార్యతో మాట్లాడే పని కూడా ఆయనకే వదిలేయవచ్చు.

అంకెలు సరిగా వచ్చి రెండో దారే పట్టేటట్టైతే, గోడకు ఆనించిన ఆ ఫలకను ఇలా కోయించండి. పైకప్పుకూ అడుగుకూ 28 బై 32 సెంటీమీటర్ల ముక్కలు రెండు, పక్క గోడలకు 36.4 బై 32 ముక్కలు రెండు, ముందుకూ వెనుకకూ 24.4 బై 36.4 ముక్కలు రెండు. ముందూ వెనుకా ముక్కలు చట్రం లోపలికి దిగి కూర్చుంటాయి. ఫలక మందాన్ని ముందు స్కేలుతో కొలిచి చూసుకోండి, 18 అని అమ్మేది 17 ఉండటం కొత్త కాదు. 17 వస్తే ఈ అంకెల్లో 36.4 బదులు 36.6, 24.4 బదులు 24.6 రాసుకోండి.